జున్ను నిద్రపోయే వేళ

ఆళ్లగడ్డ,
శనివారం మధ్యాహ్నం.

అన్నా,

మధ్యాహ్నమైతే మా అత్త నా ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో పెడుతోంది. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు నంద్యాల నుంచి తెచ్చిచ్చిన కుక్కపిల్ల జున్ను మొదటి వారం కనపడిన ప్రతి కాలినీ కొరికింది. దిష్టి తగిలిందని అత్త పూటకోసారి, కునుకు తీస్తున్న దాన్ని లేపి మరీ ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు అది ఇంకా రెచ్చిపోయింది.

పశువుల డాక్టరు నవ్వాడు. "దిష్టి ఏందిమ్మా? నిద్ర చాలక కొరుకుతాంది. రోజూ ఒకే టయానికి పండబెట్టండి."

అత్త నమ్మలేదు. "నిద్రపోయేటప్పుడు చూస్తేనే అసలైన దిష్టి తగుల్తాది అత్తా" అన్నాను. అంతే, రోజూ పన్నెండు నుంచి మూడు దాకా గది తలుపు మూసేస్తోంది. అది ఉలిక్కిపడకుండా పక్కన ఒకరు పడుకోవాలని కూడా చెప్పాను. ఆ ఒకరు నేనే. పెళ్లయిన పదకొండేళ్లలో పగటిపూట నడుం వాల్చడం ఇదే మొదలు.

నువ్వు వస్తే మూడు దాటాక రా. మొన్న మీ బావనే అరుగు మీద కూర్చోబెట్టి, "బిడ్డ పండుకొనుంది. ఈడనే గమ్మునుండు నాయనా" అంది.

ఏడాది నిండితే దానికి ఇంత నిద్ర అక్కర్లేదట. ఆ సంగతి నేను అత్తకు చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నీ చెల్లెలు