బడి గడియారం

1987 ఫిబ్రవరి 9, బిలాస్‌పూర్ రైల్వే తెలుగు బడి
మూడో క్లాసు లెక్కల్లో వీక్ పిల్లలందరినీ హెడ్‌మాస్టర్ రమణమూర్తి గారు నా నెత్తిన పెట్టారు. రోజూ బడి వదిలాక రెమెడియల్ క్లాసు. టీ కూడా ఇవ్వరట.

ఫిబ్రవరి 11
రజిని. పాసింజరు బండి గార్డు త్రినాథరావు గారి కూతురు. మూడో క్లాసే రెండోసారి. ఈసారీ ఫెయిలైతే చదువు మానిపించి పలాసలో నాన్నమ్మ దగ్గర వదిలేస్తానని తండ్రి అన్నాడట. ఎక్కాలు గడగడా అప్పజెబుతుంది. పెద్ద తీసివేత ఇస్తే మాత్రం తప్పే. ఐదొందల్లోంచి మూడొందల నలభై ఐదు తీస్తే నూట పదిహేనట! నాకు పిచ్చెక్కిపోతోంది.

ఫిబ్రవరి 17
ఇవాళ అరిచాను. సుద్దముక్క విసిరాను కూడా. రజిని ఏడవలేదు. ఇంటికొచ్చి నేనే ఏడ్చాను.

ఫిబ్రవరి 18, సాయంత్రం 7
దొరికింది!
ఎలా చేశావో నోటితో చెప్పవే అన్నాను. మూడూ నలభై ఐదుకి రావలసిన బండి ఐదింటికొచ్చింది టీచర్, గంటా పదిహేను లేటు, ఇందులో తప్పేటుంది అంది. ఓసి నీ దుంపతెగ! అంకెలన్నీ దీనికి టైములే. వందకి బదులు అరవై అప్పు తెస్తోంది. తండ్రి డ్యూటీ దిగి గుమ్మంలోకి రాగానే అడుగుతాడట, బండి ఇన్నింటికి రావాలి, ఇన్నింటికొచ్చింది, ఎంత లేటే అమ్మా అని. ఆయన బూట్లు విప్పేలోపు ఇది చెప్పేస్తుందట. పక్కన కూర్చున్న ఇంజన్ డ్రైవర్ గారి అమ్మాయిదీ ఇదే జబ్బు!

ఫిబ్రవరి 19
ఇంట్లో ఆ ఆట మానెయ్యమన్నాను. నాన్న నాతో ఆడేది అదొక్కటే టీచర్ అంది. సరే, ఆడుకోవే అన్నాను.

ఫిబ్రవరి 20
బోర్డు మీద గడియారం వేశాను. ఇది మన బడి గడియారం, దీనికి గంటంటే వంద నిమిషాలు అన్నాను. రజిని పడీ పడీ నవ్వింది. అయితే ఇంటిబెల్లు ఎప్పటికి కొడతారో ఏటో అంది. మళ్ళీ అదే లెక్క ఇచ్చాను. నూట యాభై ఐదు! పిల్లని ఎత్తి గిరగిరా తిప్పేశాను. రమణమూర్తి గారు కిటికీలోంచి చూసి, అచ్ఛా, ఇది లెక్కల క్లాసా సర్కసా అన్నారు. రెండూనండీ అన్నాను.

మార్చి 12
ఇంకా అప్పుడప్పుడూ అరవై దూరుతోంది. బడి గడియారం అంటే చాలు, నాలుక కరుచుకుని దిద్దుకుంటుంది.

ఏప్రిల్ 30
పాస్! రజినీ, డ్రైవర్ గారి అమ్మాయీ ఇద్దరూ పాస్! త్రినాథరావు గారు డ్యూటీ నుంచి నేరుగా వచ్చారు, పచ్చజెండా చంకలోనే ఉంది. మరి పలాస సంగతేమిటని నిలదీశాను. ఏదో కోపంలో అనీసాను టీచరమ్మా, సెలవులకి అందరం కలిసే ఎల్తాం అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. ఆ ఆట మాత్రం మానకండి అన్నాను.

మే 6
వాళ్ళని బండెక్కించడానికి స్టేషన్‌కి వెళ్ళాను. రెండూ యాభైకి రావలసింది నాలుగింటికొచ్చింది. ఎంత లేటు టీచర్ అంది రజిని. గంటా యాభై అనేశాను. బండి కదిలాక కూడా కిటికీలోంచి అరుస్తూనే ఉంది, గంటా పది టీచర్, గంటా పది, ఇది స్టేషన్ గడియారం అని.