ఎవరూ అనని మాటలు

అక్కకు, నీ తమ్ముడు రాసేది.

ముందు నేరం చెప్తాను, క్షేమ సమాచారం తర్వాత. మా విశ్వవిద్యాలయం ప్రయోగశాలల విభాగంలో పన్నెండుమంది సిబ్బంది పేరుమీద, వాళ్ళు ఎన్నడూ అనని మాటల్ని అన్నట్టుగా కాగితాల మీద రాసి, సంతకం పెట్టి, ఫైల్లో దాచారు. ఆ సంతకం మా విభాగాధికారిది. ఇది నీ చెవిలో చెప్తున్న రహస్యమేమీ కాదు. రెండువందల కరపత్రాలు అచ్చేయించి గోడలకు అంటించాను.

ఇక క్షేమం. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, పిల్లలూ కులాసా అని తలుస్తాను. పోయిన ఉత్తరంలో నాలుగు ప్రశ్నలు అడిగావు. వేళకు తింటున్నాను. కొత్త బూట్లు తీసుకున్నాను, ఎడమది కరుస్తోంది. కరపత్రాలు చదవడం మానలేదు, మానను. "నీ కింద ఎవరినైనా వేశారా?" అన్న నాలుగోదానికి జవాబు చివర్లో రాస్తాను. అక్కడిదాకా రావడానికి నాకు కొంత తెగింపు కావాలి.

అసలు సంగతి మొదలైంది రెండేళ్ళ కిందట. విశ్వవిద్యాలయంవాళ్ళు నీలం అట్ట పుస్తకం ఒకటి పంచారు. ఒక్క మనిషిమీదైనా అజమాయిషీ ఉన్నవాళ్ళు ఎలా నడుచుకోవాలో అందులో ఉంది. ఇరవైనాలుగు పేజీలు. మావాళ్ళు దాన్ని ఊగే బల్లల కాళ్ళకింద పెట్టుకున్నారు. నేను నాలుగుసార్లు చదివాను. అందులో మూడో నియమం నాకిప్పటికీ నోటికొచ్చు: "నెలకోసారి నీ కింద పనిచేసే ప్రతి ఒక్కరితో అరగంట కూర్చో. తలుపు వేసుకో, ఫోను పక్కన పెట్టు. పనిలో ఏం ఇబ్బందో అడుగు. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకో." మనం గొంతు చించుకుని అడిగేదాన్ని యాజమాన్యమే అచ్చేసి ఇచ్చిందని పొంగిపోయాను. పిచ్చివాణ్ణి!

రెండేళ్ళలో మా అధికారి ఎవరితోనూ అరగంట కాదు కదా, అర నిమిషం కూర్చోలేదు. గడుల్లో టిక్కులు పెట్టడంలో మాత్రం దిట్ట. అందుకే ఆయనకి 'టిక్కుల సారు' అని పేరు పెట్టాను. ఇప్పుడు ప్యూను దగ్గర్నుంచి ప్రొఫెసర్ల దాకా అదే అంటున్నారు.

ఇదంతా బయటపడింది సీసాల పిన్ని వల్ల. గాజు సామాను కడిగే గదిలో ఇరవైతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. మూత వాసన చూసి సీసాలో ఏముండేదో చెప్పేస్తుంది. పోయిన సోమవారం ఆమె చేతిలోంచి యాసిడ్ సీసా జారింది. దేవుడి దయవల్ల (నేను దేవుణ్ణి నమ్మనని నువ్వు నవ్వుతావు, నవ్వుకో) ఆమె పాదం మీద గోరంత మచ్చతో పోయింది. పక్కనున్న విద్యార్థినికి చెప్పులు కాలాయి, అంతే. విచారణ సంఘం వేశారు. వాళ్ళు ఫైలు తిరగేస్తే, ఆర్నెల్లుగా ప్రతి నెలా పిన్ని 'ఇబ్బందులేవీ లేవు' అన్నట్టు రాసి ఉంది. ఇబ్బంది లేని మనిషి సీసా వదిలేసిందంటే అజాగ్రత్తేనట. శుక్రవారం పదకొండు గంటలకు తేలుస్తారు. అజాగ్రత్త అని తేలిందా, పిన్ని ఉద్యోగం ఊడుతుంది. రిటైరు కావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది.

నిజానికి ఆమె కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి ఏడాది కావస్తోంది.

"మరి చెప్పలేదేం పిన్నీ?" అంటే, "అడిగితే చెప్పేదాన్ని నాయనా. అడక్కుండా చెప్తే పని ఎగ్గొట్టడానికి వేషాలేస్తోంది అంటారు" అంది.

నా ఒళ్ళు మండింది. నా కాగితం కూడా తీయించి చూశాను. 'పనితో తృప్తిగా ఉన్నాననీ, పైఅధికారి నీడలో ఎదుగుతున్నాననీ చెప్పాడు' అని ఉంది. నీడలో ఎదుగుతున్నానట, నేనేమైనా పుట్టగొడుగునా? తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళాను.

"సార్, ఈ మాట నేనెప్పుడన్నాను?"

"అనలేదా? అంటే నీకు తృప్తి లేదా?"

"లేదు!"

"ఇన్నాళ్ళూ చెప్పవేం మరి?"

"మీరు అడిగితే కదా!"

"అడగందే చెప్పకపోవడానికి నువ్వేమన్నా కొత్త పెళ్ళికూతురివా?" అన్నాడు.

ఆ సాయంత్రమే కరపత్రం రాశాను. పేరు 'ఎవరూ అనని మాటలు'. మర్నాడు అందరూ భుజం తట్టారు. స్టోర్‌కీపరైతే "కడిగి ఆరేశావురా అబ్బాయ్!" అని చేయి ఊపి ఊపి వదిలాడు. ఆ పొగడ్తలు నాకు ముళ్ళలా గుచ్చుకున్నాయి. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

నాలుగో ప్రశ్న, అక్కా. అవును, నా కింద నలుగురిని వేశారు. ఆర్నెల్లయింది. కడిగే గదివాళ్ళే ఆ నలుగురూ. పిన్ని అందులో ఒకతె. "నీకా పుస్తకమంటే ప్రాణం కదా, వీళ్ళ సంగతి నువ్వే చూసుకో" అని టిక్కుల సారే అప్పగించాడు. అధికారుల్ని అన్నేసి మాటలన్న నేను నీకేమని రాయను? సిగ్గేసి ఊరుకున్నాను.

మొదటి నెల బుద్ధిగా కూర్చున్నాను. తలుపు వేశాను, ఫోను పక్కన పెట్టాను. పిన్ని ఎదురుగా కూర్చుంది. అరగంటా నేనే మాట్లాడాను. శ్రామికుల హక్కులేమిటి, సంఘమంటే ఏమిటి, భయం ఎలా వదలాలి అని ఏకధాటిగా చెప్పాను. ఆమె ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు నలుపుకుంటూ విన్నది. విసుగనుకున్నాను. చివర్న "బాగా చెప్పావు నాయనా" అని లేచి వెళ్ళింది. నేను 'ఇబ్బందులేవీ లేవు' అని రాసుకున్నాను.

రెండో నెల నుంచి అదీ లేదు. వ్యాసాలు రాసుకోవాలి, సభలకు పోవాలి, తీరికేది? పోయిన నెల కాగితం చూసి ఈ నెల కాగితం నింపేవాణ్ణి. కింద సారు చూడకుండా సంతకం పెట్టేవాడు. పన్నెండు కాగితాల్లో ఎనిమిది ఆయన రాత, నాలుగు నా రాత. పిన్ని మెడకు చుట్టుకున్నది నేను రాసిన కాగితమే. కరపత్రంలో 'పన్నెండుమంది' అని రాసేటప్పుడు నా చేయి ఒక క్షణం ఆగింది. ఆగి, మళ్ళీ రాసేసింది.

ఈ ఉదయం సారు పిలిచి ఆ నాలుగు కాగితాలూ బల్లమీద పరిచాడు.

"ఈ రాత ఎవరిదో నాకు తెలుసు. సంతకం నాది గనక ఎవరూ అడగరు. విచారణ సంఘం ముందు కాగితంలో ఉన్నదే నిజమంటాను. వచ్చే నెల నీ ఉద్యోగం ఖాయం కావాలి కదా? నువ్వు గోడలు కాస్త ఖాళీ చెయ్యి."

"మరి పిన్ని?"

"ముసలిది. ఎలాగూ వెళ్ళిపోయేదేగా."

దాచకుండా రాస్తున్నాను అక్కా: ఆ గదిలోంచి బయటికొచ్చాక నాకు హాయిగా అనిపించింది. మధ్యాహ్నం దాకా అలాగే ఉంది. అప్పుడు నువ్వు చెప్పింది గుర్తొచ్చింది. మీ ఆస్పత్రిలో డ్యూటీ మారేటప్పుడు నీ కింది నర్సుల పక్కన కూర్చుని, ఒక్క ప్రశ్న అడిగి, టీ చల్లారేదాకా నోరు మూసుకుంటానన్నావు. అప్పుడు "అదేం పెత్తనమే?" అని ఎగతాళి చేశాను.

కడిగే గదికి వెళ్ళి పిన్నికి అంతా చెప్పేశాను. ఆమె తొట్టిలో నీళ్ళు వదులుతూ నావైపు చూడలేదు.

"ఆర్నెల్లూ నేను బాగున్నాననే రాశావా?"

"రాశాను."

"పోన్లే. లోకంలో ఒక్కడైనా అలా అనుకున్నాడు." తర్వాత చేతులు తుడుచుకుని స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంతకీ ఇప్పుడైనా అడుగుతావా, మళ్ళీ ఉపన్యాసమా?"

అడిగాను. నోరు మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో నీకు తెలుసు. ఆమె చెయ్యి చాచి కుళాయి కట్టేసింది. తర్వాత ఆమె చెప్పింది. పొద్దున్న మొదటి గంట వేళ్ళు అసలు తెలియవట. పెద్ద సీసాల్ని రొమ్ముకు ఆనించి మోస్తోందట. రెండు చెవులున్న బుట్ట ఒకటి ఇస్తే చాలునట. ఒక బుట్ట, అక్కా! ఆమె మాటల్ని ఆమె మాటల్లోనే రాసి, చదివి వినిపించి, కింద మొదటిసారిగా నా సంతకం పెట్టాను.

నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. నువ్వు బావతో ఇప్పుడే ఏమీ అనకు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి శుక్రవారం దాటిపోతుంది. పాత కరపత్రం మీద ఈ సాయంత్రం కొత్తది అంటిస్తున్నాను. దానిలో ఉన్నది ఇంతే, నీకోసం ఎత్తి రాస్తున్నాను:

'పోయిన కరపత్రంలో ఒక పేరు దాచాను. పన్నెండింటిలో నాలుగు కాగితాలు రాసింది నేను. సీసాల పిన్ని ఏ ఇబ్బందీ లేదని ఎన్నడూ అనలేదు, నేను అడగలేదు. విచారణ సంఘం ముందు ఈ మాట నేనే చెప్తాను. మీ పేరుమీద మీరు అనని మాట రాసి ఉంటే, మీ అసలు మాట ఒక కాగితం మీద రాసుకుని రండి. శుక్రవారం ఉదయం పది గంటలకు, కడిగే గది ముందు. ఉపన్యాసాలుండవు. మీరు చెప్తారు, నేను వింటాను. పదకొండుకు అందరం కలిసి పైకి వెళ్దాం.'

ఇట్లు,
నోరు మూసుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న
నీ తమ్ముడు