కుడి చక్రం దిగలేదు

ఓష్‌కోష్ విమానాల జాతర, బుధవారం

నాన్నా, నేనూ నీ అల్లుడు నెల్సూ క్షేమం. మనం కొట్టంలో కట్టిన విమానానికీ గీత పడలేదు.

దిగబోతుంటే కుడి చక్రం దిగిందని చెప్పే దీపం వెలగలేదు. అది సగంలో వేలాడుతోందని కిందివాళ్లు రేడియోలో చెప్పారు. చక్రాల్ని దించే నూనె ఒత్తిడి పడిపోయి పంపు మోటారు ఉత్తినే తిరుగుతోంది. నువ్వు పట్టుబట్టి పెట్టించిన చేతి పంపు, దానికోసం నూనె తొట్టి అడుగున విడిగా ఉంచిన నూనె, ఇక అవే దిక్కయ్యాయి.

"పంపు కొట్టు నెల్స్, ఆపకు!"

"చెయ్యి పడిపోతోందే, కారిన్!"

"పడితే పడనీ, చక్రం దిగాలి!"

పెట్రోలు అడుగంటుతుండగా దీపం వెలిగింది. నేలకు దించాక రెక్క కిందికి దూరి చూశాను.

విమానం పొట్ట కిందంతా ఎర్ర నూనె కారింది. చక్రాన్ని తోసే సిలిండరులో రబ్బరు రింగు చీలింది. అది మార్చి, గొట్టాల్లో గాలి తీసేదాకా ఎగరను. ఇక్కడ దొరికే రింగులు మన నూనెకి ఉబ్బుతాయట, నీ బల్ల సొరుగులోని నల్ల రింగులు వెంటనే పంపు. మొక్కజొన్నకి వాన పడిందా? ఎర్రావు ఈనిందా?

అత్తకి నా ముద్దులు. అమ్మా, కార్డు ముందు నువ్వే చదువుతావని తెలుసు. నాన్న మీద అరవకు. మేమిద్దరం నేల మీదే ఉన్నాం.

నీ కారిన్