రెట్టింపు లేని మెట్లు

జనవరి 8

మా ఆవిడ స్కాన్ రిపోర్ట్ వచ్చింది. చెవి నరం మీది గడ్డ పెరిగింది. మార్చిలో ఆపరేషన్ అన్నాడు డాక్టర్. గడ్డ తీస్తే ఎడమ చెవి పోతుంది, తీయకపోతే మనిషే పోతుంది. కుడి చెవి నిరుడే పోయింది. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆవిడ, పోన్లెండి, ఇక మీ గురక గొడవ వదిలింది అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. షాపుకి వెళ్లి ఒక హార్మోనియం తిత్తికి అతుకు వేశాను.

జనవరి 11

పాడటం ఎందుకు మానేసిందో ఇవాళ చెప్పింది. కింది స, పై స మిగిలిన ఆ ఒక్క చెవికి ఒకే స్వరంలా వినపడటం లేదట. పై స పలికినప్పుడల్లా విరిగిన పాలు నోట్లో పోసుకున్నట్టు ఉందట. ఏ పాటైనా కింది స రెట్టింపై పై స అయ్యే ఆ చోటికి వెళ్లి రావలసిందే. సరిగ్గా ఆ చోటే చెడింది. ఊరందరి పిల్లలకూ సంగీతం చెప్పిన మనిషి.

చెవి పోయేలోపు ఒక్కటంటే ఒక్కటి తియ్యగా వినాలని ఉందండీ అంది. పెళ్లయ్యాక నన్ను ఏమీ అడగని మనిషి. చూద్దాం అన్నాను. నాకు ఎవరూ సంగీతం నేర్పలేదు. వాయిద్యాలు విప్పి, మళ్లీ బిగించి తెలుసుకున్నదే.

జనవరి 14

బాగుచెయ్యడానికి వచ్చిన పాత ఆర్గన్‌లో పై మూత మూసి ఉన్న చెక్క గొట్టాలు ఉన్నాయి. ఒకటి తీసి ఊదాను. గట్టిగా ఊదితే రెట్టింపు స్వరం రాదు. ఒకేసారి మూడింతలకు ఎగురుతుంది. ఇన్నాళ్లూ వింటున్నదే, పట్టించుకోలేదు. ఆ గొట్టంలో ఆవిడను బాధపెట్టే స్వరం అసలు లేదు.

స్వరం నుంచి దాని మూడింతల దాకా పదమూడు మెట్లుగా కోస్తే? ఎనిమిదో మెట్టు రెట్టింపుకు కింద పడుతుంది, తొమ్మిదోది పైన. రెట్టింపు ఆ రెండు మెట్ల మధ్య సందులో పడి పోతుంది. ఇది నా బుర్రలో పుట్టింది కాదు. ఇలాంటి ట్యూనింగ్‌లు ఉన్నాయని ఎప్పుడో చదివాను. అప్పుడు పనిలేని వాళ్ల పని అనుకున్నాను.

జనవరి 25

బావమరిది వచ్చాడు. బృందగానం నడుపుతాడు. వాళ్లక్క నేర్పిన పాటే వాడి తిండి. బల్ల మీద నేను చెక్కుతున్న గొట్టాలు చూసి ఇవేంటి బావా అన్నాడు. చెప్పాను. పై స లేని సంగీతమా, మెట్లు కట్టి మేడ మరిచిపోయినట్టుంది అన్నాడు. అక్క చెవి పోయే ముందు అందులో ఈ చెత్త పోయకు అని కూడా అన్నాడు. లోపలినుంచి ఆవిడ, చెత్తో కాదో తేల్చేది నా చెవిరా, నీది కాదు, టీ తాగి వెళ్లు అంది. తాగకుండానే వెళ్లాడు.

ఫిబ్రవరి 2

నాలుగో గొట్టం చీలింది. మళ్లీ మొదలు.

ఫిబ్రవరి 16

గొట్టాలన్నీ ఇంటికి తెచ్చి తిత్తికి బిగించాను. ఒక్కొక్కటే పలికించాను. ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంది. ఏడో మెట్టు దాకా ముఖం విచ్చుకుంటూనే ఉంది. ఎనిమిదో దాని దగ్గర ముడుచుకుపోయింది. ఇందులో పాత పై స దాక్కుందండీ, బయటికి పంపండి అంది.

లెక్క ప్రకారమే చేశానన్నాను. శ్రుతి మీటర్ పెట్టి చూస్తే ఆవిడ మాటే నిజం. గొట్టం మూత ఉండవలసిన దానికంటే లోపలికి ఉంది. స్వరం పైకి జరిగి రెట్టింపు మీద కూర్చుంది. ఎప్పుడు నొక్కానో తెలియదు. ఏళ్ల తరబడి రెట్టింపుకు సరిచేసిన చెయ్యి, నన్ను అడక్కుండానే నొక్కేసింది.

మూత బయటికి లాగాను. నా చెవికి పంటి కింద రాయి. ఆవిడ మాత్రం హమ్మయ్య అంది.

ఫిబ్రవరి 17

పాడింది.

ఉన్న పాట కాదు. ఆ మెట్ల మీద అప్పటికప్పుడు కట్టుకున్నది. గొంతు రెట్టింపు చోటును గుర్తుపట్టకుండా దాటి పైకి వెళ్లింది. మొదట నాకు చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టు గుండె జారింది. మధ్యాహ్నానికి అలవాటైంది. సాయంత్రానికి ఇంకోసారి పాడమన్నాను. ఇన్నాళ్లకి మీరూ ఒక పాట అడిగారు అని ఏడ్చింది. నేను తిత్తి కొడుతూనే ఉన్నాను.

మార్చి 6

ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది.

పేరు పెట్టి పిలిచాను. గోడ వైపు చూస్తోంది.

మార్చి 29

వంటింట్లో పని చేసుకుంటూ ఆ మెట్లు పాడింది. తనకు వినపడకుండానే. గొంతులో ఎక్కడ ఎలా ఉంటుందో ఒంటికి గుర్తుందట. ఒక్కటీ తప్పలేదు.

అప్పుడే వచ్చిన బావమరిది గబగబా కిటికీలు మూశాడు. అక్క గొంతు కూడా పోయింది బావా, ఎదురింటివాళ్లు నవ్వుతున్నారు, ఆపించు అన్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయిరా అన్నాను. చెవి పోయింది అక్కకా, నీకా అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు. వాడు వెళ్లాక కిటికీలు తీశాను.

ఏప్రిల్ 3

ఆవిడ మాట్లాడుతుంది, నేను పలక మీద రాస్తాను. ఇవాళ ఒక ఒప్పందం పెట్టింది. ఈ మెట్లు తెలిసింది ఈ ఊళ్లో మనిద్దరికే, నాకు చెవి లేదు, కాబట్టి మీరే నా చెవి అంది. స్వరం దిగితే వేలు ఎత్తాలి, ఎక్కితే దించాలి. జాలిపడి ఊరుకున్నారో, ఆ రోజుతో పాట మానేస్తాను, నా సంగతి తెలుసుగా అంది. తెలుసు. సరే అని రాశాను.

ఏప్రిల్ 20

ఆరో మెట్టు కొద్దిగా దిగింది. వేలెత్తాను. సరిచేసుకుంది. పంతులుగారు బాగా కొడుతున్నారు అని వెక్కిరించింది.

మే 12

నాలుగూ ఆరూ తొమ్మిదీ దిగాయి. ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంది. ఆవిడ గొంతు పైకి తేవాలని చూస్తుంది. మెడ నరాలు ఉబ్బుతాయి. స్వరం కదలదు. తెలిసే చేస్తున్నారా అని కోప్పడింది. గొట్టం మీద చెయ్యి పెట్టించి చూపించాను. అదురు తెలుస్తోంది కానీ ఎంత అనేది తెలియడం లేదు అంది.

మే 30

షాపులో హార్మోనియం సరిచేశాను. కింది స, పై స కలిపి నొక్కాను. మీటర్ సరే అంది, నా చెవి కాదంది. కాసేపు ఏది తప్పో తెలియలేదు.

జూన్ 19

అన్నీ దిగిపోయాయి. ఏది ఏ మెట్టో నాకే అందలేదు. ఆవిడ నా వేలు చూస్తూ చివరిదాకా పాడింది. వేలు ఎత్తలేకపోయాను, ఒళ్లోనే ఉంది.

ఎలా ఉంది అని రోజూ అడిగేది. ఇవాళ అడగలేదు.