మీయన్న పలకలేదే?

అన్నా,

ప్రతి సోమవారం సంతవేళకు చెనిక్కాయ ధరల చీటీ దానంతటదే అచ్చయ్యేలా హొసకోట మండీ ఆఫీసు యూనిక్స్ కంప్యూటర్‌కు పని అప్పజెప్పి పోయావు. నీ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. ప్రింటర్ గరగరమంటే నువ్వు కన్నుమూశాక కూడా రైతులు "మీయన్న పలికినాడు" అనేవారు.

పోయిన వారం కొత్త మేనేజరు, "లేనోని పేరు మిషన్లో ఎందుకమ్మా?" అంటూ నీ పేరు తీసేశాడు. పేరుతోపాటు నువ్వు పెట్టిన పనీ పోతుందని మాకెవరికీ తట్టలేదు.

ఈ సోమవారం ప్రింటర్ కదల్లేదు. కరువులో చేతికందిన ఒక్క మూటా తెచ్చి, ధర కోసం కూర్చున్న నారాయణప్ప తాత అడిగాడు: "ఏంది పాపా, మీయన్న పలకలేదే?"

అదే పనిని నా పేరు మీద పెట్టాను. ప్రింటర్ గరగరమంది.

"పలికినాడు!" అన్నాడు తాత.

నాకేమో నిన్ను రెండోసారి సాగనంపినట్టుంది.

నీ చెల్లెలు