శనివారం నూనె

నరేన్,

అమ్మ దగ్గరికి ఆస్పత్రికి వెళ్తున్నాను. సౌకార్‌పేట షాపుకు ఈరోజు లీవు చెప్పు. శనివారం కదా, నాయన లేవగానే నూనె అడుగుతాడు. తలకు పెట్టు, అరికాళ్ళకు మాత్రం వద్దు. తిట్టినా వద్దు. బాత్రూంలో స్టూలు వేసి కూర్చోబెట్టు. లేచేటప్పుడు చెయ్యి పట్టుకో. సీకాయ జిగురు పోయేదాకా నేల వేణ్ణీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడువు.

“చిన్నప్పటి నుంచి పూసుకుంటా ఉండా, నేనెప్పుడన్నా పడినానా?” అంటాడు. పోయిన శనివారం లాగా నువ్వూ ఆయనతో కలిసి నవ్వొద్దు. ఆయన పడలేదు, నిజమే. నూనె కాళ్ళతో హాలంతా నడిచాడు. ఆ అడుగులు తుడుస్తూ ఎప్పటిలాగే వెనకాల వచ్చిన అమ్మ జారిపడింది. తుంటి విరిగింది.

అమ్మకు ఇంక నడవడం కష్టమేనని డాక్టర్ నిన్న నాతో అన్నాడు. నాయనకు నేనే చెప్తాను, నువ్వు నోరు జారొద్దు.

ఇడ్లీలు హాట్‌బాక్సులో ఉన్నాయి, ఇద్దరూ తినండి.

అక్క

తా.క. నిన్న సాయంత్రం ఆపరేషన్ మత్తు కాస్త దిగగానే అమ్మ నన్ను అడిగింది: “రేపు శనివారం గదా, ఆయన ఎనకాల ఎవురు తుడస్తారే?”