అన్న అంగీకి జాగ

అరుణ వదినా,

కొత్త గదిలో పట్టని సామానుకు దొరికిన రేకుల గోదాం మందుల కంపెనీ గోడ పక్కనే ఉంది. అందులో మంచాలు, బిందెలు మాత్రమే వేయించు. గుడ్డలు పెడితే ఆ కంపెనీ వాసన పడుతుంది. బియ్యం, జొన్నలు మల్లవ్వత్త ఇంటికి పంపించు, ఆమె పిల్లి ఎలుకలను రానివ్వదు. కాగితాలు నా సంచిలోనే డ్యూటీకి తీసుకుపోతున్నాను.

మొన్న "మీ అన్న పోయిన పొద్దు ఇడిచిన అంగి పిల్లా, ఆయన వాసన పోకుండ జెర మంచి జాగ సూడు" అన్నావు. ఆ జాగ ఇక వెతకక్కర్లేదు. నిన్న దుప్పట్లతో కలిపి దాన్నీ నానబెట్టేశాను. నురగలో గుండీలు చేతికి తగిలాకే తెలిసింది. ఎదురుగా చెప్పలేక రాసి పోతున్నాను.

నిషిత

అంగి ఇంకా దండెం మీదే ఉంది. తీయడానికి నాకు చేతులు రాలేదు.